మట్టాంచేరి జూతప్పళ్ళి: కట్టడమును, కంఠమును

కొచ్చినగరములోని మట్టాంచేరికి పోవు యాత్రికులు మొదట రాజభవనమును, దాని గోడలమీది రామాయణ చిత్రములను చూతురు. పిదప సుగంధద్రవ్యముల అంగళ్ళ నడుమనున్న ఇరుకువీధి వెంట నడచి, వీధి చివరనున్న యూదుల ప్రార్థనాలయమును చేరుదురు. వాకిట చెప్పులు విడిచి లోనికి పోవుదురు. నేలమీద నీలిచిత్రముల చీనాపలకలు, పైకప్పునుండి వ్రేలాడు గాజుదీపములు, నడుమ ఇత్తడి కటకటాల వేదిక, పడమటిదెసను చెక్కడపు మందసము. వీనినెల్ల చూచి, కట్టిన సంవత్సరము 1568 అని విని, పావుగంటలో వెలుపలికి వత్తురు. ఇంటికి మరలి వారు చెప్పుకొనునది చాలవరకు ఆ పలకలను గూర్చియే.

ఈ చూపు తప్పుకాదు గాని చాలినది కాదు. కావ్యమును విప్పక అట్టయందమును మెచ్చుకొనిన పాఠకుని చూపువంటి దిది. ప్రార్థనాలయము కూడ ఒక గ్రంథమే. దానికి కర్తలు కలరు, పోషకులు కలరు. అందు వ్రాసిన మాటలును గలవు, వ్రాయక విడిచిన మాటలును గలవు. గ్రంథమునకు చేయు గుణదోషవిచారణ దీనికిని చేయవచ్చును, చేయవలెను. అట్లు చదివినచో మూడు సంగతులు తేటపడును. మొదటిది, ఆ యాలయము తన వయస్సని చెప్పుకొనుచున్న దానికంటె పాతదైన చరిత్ర యొకటి దాని గోడలోనే ఇమిడియున్నది. రెండవది, ఆ సొగసైన నేల అక్కడి యూదులకందరికిని ఒక్కతీరున దక్కలేదు. మూడవది, ఆ జనుల వాఙ్మయములో మిక్కిలి జీవముగల భాగము రాతిమీదను గాదు, రాగిమీదను గాదు, స్త్రీల చేతివ్రాత పుస్తకములలో నిలిచినది. ఈ మూడింటిని వరుసగా పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పేరులోని చరిత్ర

మలయాళీలు ఈ యాలయమును జూతప్పళ్ళి యందురు. పళ్ళి యను ఆ ఒక్కమాటయే కేరళమున క్రైస్తవుల గుడికిని, మహమ్మదీయుల మసీదునకును, యూదుల ప్రార్థనాలయమునకును చెల్లును. ముందు చేర్చిన విశేషణమును బట్టియే భేదము తెలియవలెను. వచ్చిన మతములకు వేరువేరు మాటలు వెదకక, తనయింటి మాటలోనే చోటిచ్చిన భాష యది. భాష యిచ్చిన చోటునే దేశమును ఇచ్చినది. కొచ్చిరాజు తన భవనమునకును, భవనములోని దేవీ ఆలయమునకును ప్రక్కనే ఈ పళ్ళికి నేల నిచ్చినాడు. ఒకచోట గంటయు, మరియొకచోట హీబ్రూ ప్రార్థనయు వినవచ్చునంత చేరువ యది.

ఇక సంఘముపేరు పరదేశి. తెలుగువారికి అర్థము చెప్పనక్కరలేని మాట. 1492లో స్పెయినుదేశమునుండి వెడలగొట్టబడిన యూదులలో కొందరును, తరువాత అలెప్పో, బాగ్దాదు మొదలగు పట్టణములనుండి వచ్చినవారును కొచ్చిలో కుదురుకొని వేరొక సంఘముగా నేర్పడిరి. వారు పరదేశి యూదులు. వారు రాకపూర్వమే శతాబ్దములుగా ఆ తీరమున నున్నవారు మలబారు యూదులు. పాశ్చాత్యులు వీరిని తెల్లయూదులనియు నల్లయూదులనియు వ్రాసిరి. ఈ రెండు మాటలు చర్మమునుగూర్చి చెప్పినట్లుండును గాని, వాని వెనుకనున్నది వంశాభిమానము, పంక్తిభేదము. ఇందొక విచిత్రము గలదు. నేలకు పాతవారైనవారి పళ్ళులు నేడు చాలవరకు మూతపడియో, ప్రదర్శనశాలలుగా మారియో యున్నవి. పరదేశులమని పేరుపెట్టుకొన్నవారి పళ్ళియే లోకమునకు కొచ్చియూదుల గురుతుగా నిలిచినది. చూచిపోవువారు ఒక్కశాఖ కథనే మొత్తము వృక్షము కథగా భావించుటకు కారణమిదియే.

ఈ పొరపాటును దిద్దు సాక్ష్యములు అక్కడనే గలవు. ఆలయముయొక్క వెలుపలి గోడలో ఒక హీబ్రూ శిలాఫలకము పొదుగబడియున్నది. అది కొచ్చంగాడియందు పూర్వముండిన పళ్ళినుండి తెచ్చినది. దానిమీది సంవత్సరము 1344కు సరిపోవును. అనగా 1568లో కట్టిన ఆలయము తనకంటె 224 సంవత్సరములు పెద్దదైన రాతిని మోయుచున్నది. చేందమంగలమునందు అంతకంటె పాతదైన సమాధిశిల యొకటి గలదు. అది ఇశ్రాయేలు కుమార్తె సారా యనునామెది, కాలము 1269. భారతదేశమున దొరకిన హీబ్రూ శాసనములలో అదియే మిక్కిలి ప్రాచీనమని పండితులు చెప్పుదురు. తొలి సాక్ష్యము ఒక స్త్రీ పేరుతో నుండుట ఇచ్చట గుర్తుంచుకొనదగిన విషయము. ఈ విచారణ చివరకు చేరునదియు స్త్రీలయొద్దకే.

వీనికంటెను పూర్వమైనది రాగిశాసనము. చేరరాజు భాస్కర రవివర్మ ముయిరిక్కోడునుండి యోసేపు రబ్బాను అను యూదప్రముఖునకు డెబ్బదిరెండు మర్యాదలతో అంజువణ్ణమును దానము చేసినట్లు అందు గలదు. పగటిదీపము, పల్లకి, గొడుగు, తప్పెట, బూర మొదలగునవి ఆ మర్యాదలలోనివి. కొన్ని పన్నులనుండి మినహాయింపును గలదు. యూదుల సంప్రదాయము దీనిని క్రీ. శ. 379కి చేర్చును. లిపిని, రాజకాలమును పరిశీలించిన చరిత్రకారులు క్రీ. శ. 1000 ప్రాంతమున నుంచుదురు. భాష ప్రాచీన మలయాళము, లిపి వట్టెళుత్తు. భూమియు చంద్రుడును ఉన్నంతవరకు ఈ హక్కులు అతని సంతతికి చెల్లవలెనని శాసనము ముగియును. ఆచంద్రార్కమను మాటతో ముగియు తెలుగు దానశాసనములను ఎరిగినవారికి ఈ ధోరణి క్రొత్తగాదు. యూదునకిచ్చినను, బ్రాహ్మణునకిచ్చినను, వర్తకసంఘమునకిచ్చినను దక్షిణదేశపు రాజు మాటతీరు ఒక్కటే. దీని విలువ ప్రాచీనతలో మాత్రమే లేదు. దూరదేశపు మతమువాని హక్కును ఈ నేలయొక్క భాషలో, ఈ నేలయొక్క మర్యాదలతో వ్రాసియిచ్చుటలో నున్నది. 379 అని వాదించి అభిమానము పెంచుకొన నక్కరలేదు. 1000 అనినను తక్కువ గౌరవము కాదు.

కట్టడపు మణిప్రవాళము

పళ్ళి 1568లో వెలసినది. 1662లో డచ్చివారు కొచ్చిని ముట్టడించి మొదటిసారి విఫలులై మరలినపుడు, యూదులు వారికి తోడైరను కోపముతో పోర్చుగీసువారు ఆలయమును పాడుచేసిరి. గ్రంథములును పత్రములును కాలిపోయినవి. మరుసటి యేడు, 1663లో, డచ్చివారు కొచ్చిని గైకొనిన పిదప ఆలయము మరల లేచినది. నేడు కనబడు సొగసులలో ముఖ్యమైనవి పదునెనిమిదవ శతాబ్దివి. డచ్చి కంపెనీతో గొప్ప వ్యాపారము నడపిన యెహెజ్కేలు రహబి 1760లో గడియారపు గోపురమును కట్టించెను. 1762లో చీనాదేశపు కాంటనునుండి పలకలను తెప్పించి నేలకు పరపించెను. గడియారపు ముఖములమీద హీబ్రూ అంకెలు, రోమను అంకెలు, మలయాళపు అంకెలు వేరువేరుగా నున్నవి. ఏ లిపి వచ్చినవానికి ఆ లిపిలో వేళ తెలియును. ఒకే కాలమును పలులిపులలో చదువుకొను ఊరికి ఇంతకంటె తగిన చిహ్నము దొరకదు.

లోపలి నిర్మాణమునకు ఒక్కశైలి యని చెప్పుటకు వీలులేదు. పెంకుల వాలుకప్పు కేరళపుది. చెక్కపని స్థానిక శిల్పులది. ఇత్తడి వేదిక దేవాలయముల దీపస్తంభములను పోతపోసిన చేతుల నేర్పును జ్ఞప్తికి తెచ్చును. పలకలు చీనావి, గాజుదీపములు ఐరోపావి. తోరా గ్రంథపు చుట్టకు అలంకారమైన బంగారు కిరీటము 1805లో తిరువాన్కూరు మహారాజు ఇచ్చినది. చెప్పులు విడిచి లోనికి పోవు ఆచారము ఈ దేశపుది. ఐరోపాయూదుల కది వింత. సంస్కృతమును దేశభాషను ముత్యమును పగడమును వలె కూర్చిన రచనను మణిప్రవాళమనుట వాడుక. ఈ పళ్ళి కట్టడములోని మణిప్రవాళము. మణిప్రవాళమునందు కవి శక్తిలేనివాడైనచో రెండుభాషలును ఒండొంటిని పొడుచును. ఇచ్చట అట్లు జరుగలేదు. కారణము, కొలతలోని మితము. మందిరము పెద్దది కాదు, ఎత్తైనది కాదు, గోడలు తెల్లనివి. అలంకారమంతయు నేలకును, వేదికకును, దీపములకును, మందసమునకును పరిమితము. తెల్లగోడల ఆ నిశ్శబ్దమే పరస్పరము ఎరుగని వస్తువులను ఒక్కయింటివానిగా చేసినది.

కేరళపు పళ్ళులన్నింటియందు కానవచ్చు విశేష మింకొకటి గలదు. తోరా చదువుటకు సామాన్యముగా మందిరమధ్యమున ఒక వేదిక యుండును. కేరళమున రెండు. నడుమ నొకటి, మేడమీద, స్త్రీలు కూర్చుండు భాగమునకు ముందు, మరియొకటి. విశ్రాంతిదినములందును పండుగలందును పఠనము పైవేదికనుండి జరిగెడిది. మేడమీదికి దూరముగా నెట్టబడినట్లు కనబడు స్త్రీలు ఆ దినములలో గ్రంథమునకు అందరికంటె దగ్గరివారైరి. కట్టినవారి ఉద్దేశ మేదైనను ఫలమిది. ఈ యొక్క యేర్పాటులో, పలకలన్నింటికంటె ఎక్కువ అర్థము గలదు.

పలకలను గూర్చియు ఒకమాట చెప్పవలెను. ఏ రెండు పలకలును ఒక్కతీరున నుండవని దారిచూపువారు యాత్రికులకు చెప్పుదురు. 1995లో వెలువడిన సల్మాన్ రష్దీ నవల 'ది మూర్స్ లాస్ట్ సై' ఈ పలకలను కథలోనికి తెచ్చి ఆ కీర్తిని లోకమంతట వ్యాపింపజేసినది. నిజమునకు నమూనాలు కొలదియే. చేతితో చిత్రించినవి గావున గీతలో గీత కలియదు, అంతియే. నవలలో అద్భుతము చెల్లును. చరిత్రలో చెల్లదు. పైగా, ఈ చిన్న అద్భుతము చూపరి కన్నును నేలకే అంటగట్టి, ఆ నేలమీద ఎవరు ఎచ్చట కూర్చుండిరను ప్రశ్నను అడుగనీయదు.

గడపయొద్ది నేల

పరదేశి సంఘములో అందరును ఒక్కటిగా లేరు. బానిసలుగానో సేవకులుగానో ఇండ్లలో చేరి, మతమును స్వీకరించి, విడుదల పొందినవారి సంతతిని మెషుహ్రారీములని పిలిచిరి. హీబ్రూలో ఆ మాటకు విడుదలపొందినవారని అర్థము. విడుదల మాటలో వచ్చినది, పీఠమునకు రాలేదు. వారు మందిరములోని బల్లలమీద పరదేశులతో కూర్చుండరాదు. వెలుపలి గదిలో నేలమీద కూర్చుండవలెను. తోరా చదువుటకు వారికి పిలుపురాదు. వారితో పెండ్లిసంబంధము లేదు. మలబారు యూదులతోను పరదేశులు వియ్యమందలేదు.

మత మట్లు చెప్పినదా యనినచో చెప్పలేదు. పదునారవ శతాబ్దిలోనే కొచ్చినుండి ఈ వివాదము ఈజిప్టుదేశమునకు పోయినది. అచ్చటి మహాపండితుడు దావీదు ఇబ్న్ జిమ్రా, విధిప్రకారము స్నానముచేసి మతములో చేర్చుకొనినపిదప వారితో వివాహమునకు అడ్డులేదని వ్యవస్థ నిచ్చెను. వ్యవస్థ వచ్చినది, ఆచరణ మారలేదు. శాస్త్రము విడిచినను సమాజము పట్టుకొనియుండుట మన దేశమున క్రొత్తవిషయము కాదు. నిజము చెప్పవలెనన్న, ఈ భేదమును వారు యెరూషలేమునుండి తెచ్చుకొనలేదు. చుట్టునున్న కులవ్యవస్థనుండి నేర్చిరి. రాజు ఇచ్చిన గొడుగును పల్లకిని స్వీకరించినవారు, ఆ గొడుగునీడలోని దోషమును కూడ స్వీకరించిరి. పళ్ళియను మాటను, చెప్పులు విడుచు మర్యాదను ఈ నేలనుండి గ్రహించిన సంగతిని మెచ్చుకొను విమర్శకుడు ఈ రెండవ గ్రహణమును గూర్చి మౌనము వహింపరాదు.

ఈ అన్యాయమును ఎదిరించినవారిలో ముఖ్యుడు అబ్రహాము బారాక్ సేలం. 1882లో జన్మించి 1967లో గతించెను. మెషుహ్రారీముల వంశమువాడు, న్యాయవాది, కొచ్చి శాసనసభలో సభ్యుడుగా నుండెను. గాంధీమహాత్ముని సత్యాగ్రహమార్గమును ఆయన తన పళ్ళిలోనికే తెచ్చెను. అందువలన ఆయనను యూదుల గాంధీ యందురు. ఆయన పోరాటము దీర్ఘకాలము సాగినది. వెలుపలిగదికిని లోపలిమందిరమునకును నడుమనున్న అడ్డు క్రమక్రమముగా సడలినది. ఆయన కుమారునకు పరదేశి కన్యతో వివాహము జరుగుటకు 1950వ సంవత్సరము రావలసివచ్చినది. నేడు ఆ వీధిలో ఒక సందునకు ఆయన పేరున్నది.

ఇచ్చట కట్టడముయొక్క దోషము కనబడును. అది చూపరుల తప్పు గాదు, చూపువారి తప్పు. పలకలు ఎవరు తెప్పించిరో, దీపములు ఏదేశమువో పరదేశి పళ్ళికి పోయినవారెల్లరు వినివత్తురు. నేలమీద కూర్చుండినవారెవరో వినక మరలువారే హెచ్చు. వెలుపలిగది దాటిపోవు దారియై మిగిలినది. కాని ఆ ఆలయమునందు మిక్కిలి పెద్ద కథ జరిగినది అచ్చటనే. లోపములను చెప్పినచో కీర్తికి కళంకమని భయపడు సంస్కృతి నిజముగా బలమైనది కాదు. తన గడపయొద్ది నేలను చూపగలిగిన ఆలయమునకు గౌరవము పెరుగునే గాని తరుగదు.

పాటల పుస్తకములు

కొచ్చియూదుల ప్రార్థనాభాష హీబ్రూ, ఇంటిభాష మలయాళము. పరదేశియైనను, మలబారువాడైనను, మెషుహ్రారైనను తల్లితో పలికినది మలయాళమే. అందులో హీబ్రూమాటలు మలయాళపు క్రియలతో కలిసి క్రొత్త జంటలైనవి. ఒకరు మరణించిరని చెప్పవలసినప్పుడు వారు 'శాలోం ఆయి' యందురు. శాలోం హీబ్రూ, శాంతి యని అర్థము. ఆయి యనగా అయ్యెను. ఆయన శాంతి అయ్యెను. స్వర్గస్థులైరి, శివైక్యము నొందిరి అను మాటలు గల తెలుగువారికి ఈ మాటలోని మర్యాద వెంటనే హృదయమునకు తాకును. ఒక జాతి మరియొక నేలలో వేరూనెననుటకు రాగిరేకు ఒక సాక్ష్యము. చావును చెప్పు మాటలో రెండుభాషలు కలిసిపోవుట అంతకంటె లోతైన సాక్ష్యము.

ఈ భాషలో స్త్రీలకు గొప్ప పాటలసంపద కలదు. పెండ్లిపాటలు, పండుగపాటలు, అబ్రహాము యోసేపు మోషేల కథలపాటలు, ఒక్కొక్క పళ్ళిని వర్ణించు పాటలు, చిలుకను పిలిచి చెప్పు పాటలు అందు గలవు. ఇవి చేతివ్రాత పుస్తకములలో నుండెను. తల్లి పుస్తకమును కుమార్తె చూచి వ్రాసికొనెడిది; తెలిసినపాటలు ఇరుగుపొరుగున మార్చుకొనెడివారు. పురుషులు వినుచుండగా స్త్రీలు పాడరాదను కట్టుబాటు అనేకదేశముల సనాతన యూదులలో గలదు. కేరళమున అది నిలువలేదు. పెండ్లిపందిళ్ళలో స్త్రీలు గుంపుగా పాడిరి, పురుషులు వినిరి. పైన చెప్పిన మేడవేదికకును ఈ స్వేచ్ఛకును ఒక పొందిక యున్నది: గ్రంథము చెవికి దగ్గరైనచోట కంఠము మూగబోలేదు.

ఈ పాటల గుణమేమి? హీబ్రూగ్రంథములోని కథ మలయాళపు ఇంటిలోనికి వచ్చి కూర్చుండుటయే. తెలుగు స్త్రీలు 'ఊర్మిళాదేవి నిద్ర' యను పాటలో రామాయణమును అంతఃపురపు గడపనుండి చూచినట్లే, ఈ స్త్రీలు పురాతనకథను తమ వాకిటనుండి చూచిరి. కేరళపు కిళిప్పాట్టు సంప్రదాయములో కవి చిలుకచేత కథ చెప్పించును. ఆ చిలుక యూదస్త్రీల పాటలలోను వాలినది. మతము వారిది, చిలుక ఈ చెట్టుది. దోషము లేదా యనినచో కలదు. వ్రాతలో చేతులు మారుటవలన కొన్నిపాటలలో మాటలు అరిగి అర్థము చెదరినది. పాడినవారికే తెలియని ప్రాచీనపదములు నిలిచిపోయినవి. ఐనను అర్థము తెలియని పదమునుకూడ విడువక వ్రాసినవారి భక్తివలననే భాషాశాస్త్రజ్ఞులకు నేడు పని దొరకినది.

ఇవి మరుగునపడకుండుటకు కొందరు శ్రమించిరి. కేరళములో పి. ఎం. జుస్సే, స్కరియా జకరియా, అమెరికానుండి వచ్చిన బార్బరా జాన్సన్ మొదలగువారు పుస్తకములను వెదకి దాదాపు 300 పాటలను సేకరించిరి. వారికి తోడైనవారిలో రూబీ డానియల్ ముఖ్యురాలు. 1912లో కొచ్చిలో మెషుహ్రారీముల ఇంట పుట్టి, 1951లో ఇశ్రాయేలునకు పోయి, 2002లో గతించిన యామె పాటలను ఇంగ్లీషులోనికి తెచ్చెను. 1995లో వెలువడిన 'రూబీ ఆఫ్ కొచ్చిన్' అను ఆత్మకథలో తన బాల్యమును, పండుగలను, పళ్ళిలో తనవారికి కలిగిన అవమానమును దాచక చెప్పెను. 2004లో పాటల ధ్వనిముద్రణ యెరూషలేమునుండి వెలువడినది. 2005లో 'కార్‌కుళలి' యను సంకలనము హీబ్రూ అనువాదముతో వచ్చినది. ఏ గదిలో నేలమీద కూర్చుండ నియమించిరో ఆ గదివారి ఆడుబిడ్డయే సంఘమంతటి పాటకు వ్యాఖ్యాత్రి యగుట ఈ కథలోని న్యాయము.

మిగిలినది ఏది?

1948లో ఇశ్రాయేలురాజ్య మేర్పడిన తరువాత, ముఖ్యముగా 1953-55 సంవత్సరములలో, సుమారు 2,400 మంది గల కేరళయూదులలో చాలమంది ఓడలును విమానములును ఎక్కి పోయిరి. వారిని ఎవరును వెడలగొట్టలేదు. ప్రార్థనలో శతాబ్దములుగా తలచిన ఊరు పిలిచినది, పోయిరి. వారి ప్రయాణమునకై 1953లో ఇశ్రాయేలునకు పోయి అధికారులతో మాటలాడివచ్చిన సేలం మాత్రము కొచ్చిలోనే యుండి కొచ్చి మట్టిలోనే కలిసెను. 1968లో పళ్ళి నాలుగువందల యేండ్ల యుత్సవమునకు ప్రధానమంత్రి ఇందిరాగాంధి వచ్చినది. తపాలాశాఖ స్టాంపు వెలువరించినది. ఉత్సవము ఘనముగా జరిగినది గాని, అప్పటికే ఆ వీధిలో తలుపులు ఒకటొకటిగా మూతపడియుండెను. వీధిలో అందరెరిగిన వృద్ధురాలు సారా కోహెన్ 2019లో గతించినది. సామూహిక ప్రార్థనకు పదిమంది పురుషులు కావలెను. ఇపుడు అతిథులు వచ్చిననేగాని ఆ లెక్క నిండదు.

ఇతర పళ్ళుల గతియు ఆలోచింపదగినది. మట్టాంచేరిలోనే యున్న కడవుంభాగము పళ్ళి గిడ్డంగియై, లోపలి చెక్కపని 1990 తరువాత యెరూషలేములోని ప్రదర్శనశాలకు చేరినది. ఖాళీయైన కట్టడము 2019 వానలలో కొంత కూలినది. పరవూరు, చేందమంగలము పళ్ళులు ప్రభుత్వపు శ్రద్ధతో మరమ్మతు పొంది ప్రదర్శనశాలలైనవి. ఒకచోట దేహము పోయి అలంకారము మిగిలినది. మరియొకచోట దేహము మిగిలి ప్రాణము పోయినది. పాట మాత్రము రెండుదేశములలోను నిలిచినది. ఇశ్రాయేలులో కేరళపు ముసలమ్మలు ఒకచోట చేరి, మనుమలకు తెలియని మలయాళములో, అమ్మమ్మల పాటలు పాడిరి.

యూదుల ఆలయములు తెలుగువారికి బొత్తిగా తెలియనివి కావు. పుణెలో చాలకాలముగా నున్న తెలుగు కుటుంబములవారు 1867 నాటి ఒహెల్ దావీదును 'లాల్ దేవళ్' అను మరాఠీపేరుతోనే ఎరుగుదురు. ముంబయిలో తెలుగు కామాఠీల పేరుగల కామాఠిపురమునకు సమీపమున, బైకుల్లాలో, 1864 నాటి మాగేన్ దావీదు గలదు. గుంటూరుజిల్లా చేబ్రోలు ప్రాంతమున తాము యూదులమని నమ్మి, తెలుగు మాటలాడుచు హీబ్రూ నేర్చికొని ప్రార్థించు చిన్న సంఘమును గలదు. కావున ఈ విచారణ పరుల యింటి ముచ్చట మాత్రమే కాదు.

ఊరు విడిచి తరములు గడచినవారందరికిని మట్టాంచేరి ఒక ప్రశ్న వేయుచున్నది. సంఘము కూడినచోట మొదట తలపునకు వచ్చునది భవనము. దాతల పేర్లు చలువరాతిమీద చెక్కింతురు. ప్రారంభోత్సవపు ఛాయాచిత్రము గోడకు తగిలింతురు. అది కావలసినదే. ఐతే ఆ భవనములో పిల్లలు పాడుకొనుటకు పాట యెక్కడనున్నది? తమిళనాటను, కన్నడదేశమునను, ఒడిశాలోను, మహారాష్ట్రమునను, యానాములోను తరతరములుగా నున్న తెలుగు ఇండ్లలో మంగళహారతులు, అప్పగింతపాటలు, లాలిపాటలు వ్రాసిన పాతపుస్తకములు పెట్టెల అడుగున నున్నవి. కొన్ని పుస్తకములలో తెలుగుపాట అరవలిపిలోనో కన్నడలిపిలోనో యుండును. దానిని చూచి నవ్వరాదు. లిపి పోయినను పాటను విడువని తల్లి చేతివ్రాత యది. వానిలో అర్థము తెలియని మాట వచ్చినచో దిద్దక వ్రాసికొనవలెను. పాడినవారెవరో, ఏ యూరివారో, ఏ వీధివారో వ్రాయవలెను. పంక్తిలో కూర్చుండనీయబడనివారి పాటలను మొదట వెదకవలెను; మరచుటకు అందరికంటె సులభముగా నుండునవి అవియే.

కట్టడమును ధనముతో నిలుపవచ్చును. అందుకు ప్రభుత్వము కలదు, దాతలు కలరు. కొచ్చియూదుల పాటను నిలిపినది పైకము కాదు. వంటయింటి దీపమువద్ద తల్లిపుస్తకమును చూచి వ్రాసికొనిన కుమార్తె. మట్టాంచేరికి పోవు తెలుగు యాత్రికుడు చీనాపలకలను తప్పక చూడవలెను. చూచినపిదప తల యెత్తి మేడమీది వేదికను, దాని వెనుకనున్న స్త్రీల చోటును ఒకమారు చూడవలెను. వెలుపలికి వచ్చునపుడు ముందరిగదిలో కొంచెము నిలువవలెను. ఆ రెండుచోట్ల నిలిచినవానికి ఆ పళ్ళి పూర్తిగా అర్థమగును; ఇంటికి మరలి తన అమ్మమ్మ పెట్టెను తెరచుటకు కారణమును దొరకును.